కామెంటేటర్లు ఫుట్‌బాల్‌ని ఎంతవరకు విడమరిచి చెప్పాలి? (మా అమ్మ మధ్యలో లేచి వెళ్లిపోయిన కథ)

నల్లకుంట_నాని
శుక్రవారం, రాత్రి 11:52

నిన్న రాత్రి జరిగింది చెప్తాను, తర్వాత మీరే తేల్చండి.

మా అమ్మకి అరవై రెండేళ్లు. క్రికెట్ చూస్తుంది, కబడ్డీ అయితే ఇంకా ఇష్టం. తెలుగు కామెంటరీ పుణ్యమా అని "డూ ఆర్ డై రైడ్ రా, ఇప్పుడు పాయింట్ తేకపోతే ఔటే" అని వంటింట్లోంచే చెప్పేస్తుంది. నిన్న కబడ్డీ లేదు. నేను ఫుట్‌బాల్ పెట్టుకుంటే, మర్నాటి కూరకి చిక్కుడుకాయలు ముందేసుకుని ఈనెలు తీస్తూ పక్కన కూర్చుంది.

ఇరవై నిమిషాలు బాగానే గడిచాయి. గోల్ పడింది. వాళ్లు పరిగెత్తారు, ఒకడి మీద ఒకడు పడ్డారు. అమ్మ చేతిలో చిక్కుడుకాయతోనే చప్పట్లు కొట్టింది. కాసేపటికి ఆఫ్‌సైడ్ అని గోల్ లేదన్నారు. తెర మీద ఒక ఎర్ర గీత, ఒక నీలం గీత. "అదేంట్రా, పడింది కదా! నా కళ్లతో చూశాను కదా!" అంది. కామెంటేటర్లు ఇద్దరున్నారు. ఒకాయన "చాలా దగ్గర, కానీ కరెక్టే" అన్నాడు. రెండో ఆయన ఆ స్ట్రైకర్ పాత క్లబ్ గురించి ఏదో కథ ఎత్తుకున్నాడు. అంతే. నేను "చివరి నుంచి రెండో డిఫెండర్ ఉంటాడు కదమ్మా..." అని మొదలుపెట్టేసరికి బంతి అవతలి గోల్ దగ్గరికి పోయింది. "చివరి నుంచి రెండోవాడంటే గోలీని కలిపా, కలపకుండానా?" అంది. మంచి ప్రశ్నే. నేను జవాబు కూడదీసుకునేలోపు గిన్నె పట్టుకుని లేచి వెళ్లిపోయింది.

కబడ్డీ వాళ్లు అమ్మని కూర్చోబెట్టగలిగారు. వీళ్లు ఎందుకు లేపేశారు?

తప్పుడు_తొమ్మిది
శనివారం, రాత్రి 12:10

అన్నా, అమ్మగారంటే గౌరవం ఉంచుకునే చెప్తున్నా. వద్దు. దయచేసి వద్దు.

ఆట జరుగుతుంటే "కార్నర్ అంటే ఏమిటంటే" అని పాఠం మొదలైందంటే నాకు రిమోట్ విసిరేయాలనిపిస్తుంది. క్రికెట్‌లో ఎల్బీడబ్ల్యూ అంటే ఏమిటో ప్రతి ఓవర్‌కీ చెప్తారా? మనమే చూసి చూసి నేర్చుకున్నాం.

ఇది అమెరికావాళ్లు చేసి చూశారు. 2006 ప్రపంచ కప్‌కి అక్కడి టీవీ చానళ్లు ఏబీసీ, ఈఎస్‌పీఎన్‌లు బేస్‌బాల్ కామెంటరీలో పేరున్న డేవ్ ఓబ్రయన్‌ని ప్రధాన కామెంటేటర్‌గా పెట్టాయి. కొత్తవాళ్లకి తెలిసిన గొంతు ఉంటే ఆట దగ్గరవుతుందని లెక్క. ఆట తెలిసినవాళ్లు దుమ్మెత్తిపోశారు. 2010కి వచ్చేసరికి మార్టిన్ టైలర్, ఇయాన్ డార్క్ లాంటి బ్రిటిష్ గొంతులు తెచ్చుకున్నారు. ఆ ఏడాది అల్జీరియా మీద అమెరికా ఆటగాడు డోనోవన్ ఆఖరి నిమిషాల్లో కొట్టిన గోల్‌కి డార్క్ గొంతునే అమెరికా వాళ్లు ఇప్పటికీ తలుచుకుంటారు. ఆయన అక్కడ ఏ రూలూ వివరించలేదు.

జింఖానా
శనివారం, రాత్రి 12:14

1990 ప్రపంచ కప్‌కి అమెరికాలో టీఎన్‌టీ చానల్ వాళ్లు మ్యాచ్ మధ్యలో యాడ్స్ వేశారు. వివరణ కన్నా అది నయమంటావా తమ్ముడూ?

సరూర్‌నగర్_టీచరమ్మ
శనివారం, ఉదయం 6:35

తప్పుడు తొమ్మిది గారూ, ఎల్బీడబ్ల్యూ ఉదాహరణ మీకే ఎదురు తిరుగుతుంది. ఒకసారి గుర్తు చేసుకోండి. రివ్యూ అడగ్గానే ఏం చేస్తారు? బంతి ఎక్కడ పడింది, ప్యాడ్‌కి ఎక్కడ తగిలింది, వికెట్లకి తగిలేదా. మూడు మెట్లు, ఒకదాని తర్వాత ఒకటి, రంగులతో సహా. కామెంటేటర్ ఆ మూడింటినీ ప్రతిసారీ పైకి చదువుతాడు. అది పాఠం కాదా? ఎన్నో ఏళ్లుగా అదే పాఠం వింటున్నాం, పాఠమని అనిపించలేదు, అంతే. మా అత్తగారికి బ్యాట్ పట్టుకోవడం రాదు కానీ "అవుట్‌సైడ్ లెగ్ పడింది, నాటౌట్" అని థర్డ్ అంపైర్ కన్నా ముందే చెప్తారు.

ఫుట్‌బాల్ ఆఫ్‌సైడ్‌కి ఆ మూడు మెట్లు ఎవరూ కట్టలేదు. గీతలు గీస్తారు, గోల్ లేదంటారు, ముందుకి పోతారు.

తప్పుడు_తొమ్మిది
శనివారం, ఉదయం 9:02

మేడమ్, క్రికెట్‌లో బంతికీ బంతికీ మధ్య టైమ్ ఉంటుంది. ఓవర్ అయ్యాక ఇంకా ఉంటుంది. ఇక్కడ నలభై ఐదు నిమిషాలు ఆగకుండా ఆడతారు. ఎప్పుడు చెప్పాలి?

కబడ్డీకూత
శనివారం, ఉదయం 10:47

ఈ పనిలో ఉన్నవాణ్ని కాబట్టి రెండు మాటలు. తెలుగు స్పోర్ట్స్ ప్రొడక్షన్‌లో నాలుగు సీజన్లు చేశాను. తెర మీద వచ్చే గ్రాఫిక్స్ రాయడం నా పని. కామెంటేటర్‌ని కాదు, వాళ్ల వెనక కూర్చునేవాణ్ని.

"ఆగకుండా ఆడతారు" అన్నది చూసేవాళ్ల భ్రమ. తొంభై నిమిషాల మ్యాచ్‌లో బంతి నిజంగా ఆటలో ఉండేది గంట లోపే. మిగతాదంతా త్రోలు, గోల్ కిక్‌లు, ఫ్రీ కిక్‌కి గోడ కట్టడం, కింద పడ్డవాడు లేవడం, వీఏఆర్ (వీడియో చూసి చెప్పే రెఫరీలు) కోసం రెఫరీ చెవి మీద చెయ్యి పెట్టుకుని నిలబడటం. అంత టైమ్ కబడ్డీ వాళ్లకి కూడా ఉండదు. అక్కడ రైడే ముప్ఫై సెకన్లు, అది అయిన వెంటనే అవతలివాడు కూతకి వచ్చేస్తాడు.

టైమ్ ఉంది. ఎప్పుడు వాడాలన్నదే అసలు పని. మాకు నేర్పిన పద్ధతి ఇది. బంతి కదులుతున్నప్పుడు "ఏం జరుగుతోంది" మాత్రమే. "ఎందుకు జరిగింది" అన్నది రీప్లేలో. టాక్‌బ్యాక్‌లో, అంటే కామెంటేటర్ చెవిలో వినపడే లైన్‌లో, ప్రొడ్యూసర్ "రీప్లే వస్తోంది" అంటాడు, కామెంటేటర్‌కి ఎనిమిది పది సెకన్లు దొరుకుతాయి. ఆ ఎనిమిది సెకన్లలో రూలు మొత్తం చెప్పాలని చూసినవాడు ఓడిపోతాడు. చెప్పాల్సింది ఒక్క ముక్క.

ఆఫ్‌సైడ్‌నే తీసుకోండి. కొత్తవాళ్లకి ఎక్కడ అర్థం కాదో తెలుసా? అందరూ స్ట్రైకర్‌నే చూస్తారు, అది కూడా అతని కాళ్లకి బంతి అందిన క్షణంలో. అప్పటికి డిఫెండర్లు వెనక్కి వచ్చేసి ఉంటారు, "ముందు ఇంతమంది ఉన్నారుగా, తప్పేంటి" అనిపిస్తుంది. లేదా తిరగేసి జరుగుతుంది, డిఫెండర్లని దాటి ఒక్కడే కనపడతాడు, అయినా గోల్ ఇచ్చేస్తారు. చూడాల్సింది బంతి ఇచ్చినవాడి కాలు. ఆ కాలు బంతిని తాకిన క్షణంలో వీడు డిఫెండర్ల గీత దాటి ముందున్నాడా, లేదా? రీప్లేని ఆ ఫ్రేమ్ దగ్గర ఆపినప్పుడు కామెంటేటర్ "ఇదిగో, తన్నింది ఇప్పుడు. ఇప్పుడు వీడి మోకాలు చూడండి" అంటే చాలు. రెండో డిఫెండర్ పురాణం అక్కర్లేదు. నాని గారి అమ్మగారు లేచేవారు కాదు.

ఇంకొకటి. ఆ గీత భుజం నుంచో మోకాలి నుంచో ఎందుకు గీస్తారంటే, ఆఫ్‌సైడ్‌కి చేతులు లెక్కలోకి రావు. తల, ఒళ్లు, కాళ్లు, అంటే గోల్ కొట్టడానికి పనికొచ్చేవే లెక్క. ఈ ఒక్క ముక్క ఒకసారి చెప్తే ఆ గీతల మీద వచ్చే సగం అనుమానాలు పోతాయి.

నల్లకుంట_నాని
శనివారం, ఉదయం 11:20

కూత గారూ, "తన్నింది ఇప్పుడు" అన్న మాట నోట్ చేసుకున్నాను. ఇన్నేళ్లుగా చూస్తున్నా, నేను ఇంత తేలిగ్గా ఎవరికీ చెప్పలేకపోయాను.

బొల్లారం_ఫుల్‌బ్యాక్
శనివారం, మధ్యాహ్నం 1:15

పిల్లలూ, ఈ బాబాయ్ మాట కూడా వినండి. వయసులో ఉన్నప్పుడు ఇక్కడ లీగ్‌లో ఆడినవాణ్ని. పేరొచ్చేంత ఆట కాదు.

మా నాన్న ఫతే మైదాన్ రోజుల మనిషి. మీరిప్పుడు ఎల్బీ స్టేడియం అంటున్నదే. హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్ 1950 నుంచి 54 దాకా వరసగా ఐదు సార్లు బొంబాయిలో జరిగే రోవర్స్ కప్ కొట్టిన కాలం అది. అప్పుడు టీవీ లేదు, గీతలు లేవు. గ్యాలరీలో పక్కన కూర్చున్నవాడే కామెంటేటర్. మా నాన్నకి ఆఫ్‌సైడ్ నేర్పింది ఒక సైకిల్ షాపాయన. "మియా, బాల్ కో మత్ దేఖో, లైన్ కో దేఖో" (బంతిని కాదు, గీతని చూడు) అని తొడ మీద ఒక్కటి చరిచాడట. అంతే పాఠం. మళ్లీ ఆయన తన గోలలో తను పడిపోయాడు. తర్వాత నన్ను తీసుకెళ్లినప్పుడు నాన్న నా తొడ మీద చరిచారు. కూత గారు చెప్పిందీ, సైకిల్ షాపాయన చెప్పిందీ ఒకటే.

రహీమ్ సాబ్ గురించి తెలియని హైదరాబాదీ ఉండకూడదు కానీ ఉన్నారు కాబట్టి చెప్తున్నా. సయ్యద్ అబ్దుల్ రహీమ్. 1951, 1962 ఏషియన్ గేమ్స్ బంగారు పతకాలు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, అన్నీ ఆయన కోచింగ్‌లోనే. వృత్తికి బడిపంతులు. మరి ఆయన పాఠం ఎట్లా ఉండేది? బలహీనమైన కాలితోనే ఆడాలని పోటీలు పెట్టేవాడు. డ్రిబ్లింగ్ చేయకూడదని ఇంకో పోటీ. ఆడించి నేర్పాడు. ఎడమ కాలు ఎందుకు ముఖ్యమో ఉపన్యాసం ఇచ్చి ఉంటే ఎవరు వింటారు?

మన అమ్ముగూడ కుర్రాడు, ఫుట్‌బాలర్ తులసీదాస్ బలరామ్ ఆ గాలిలోనే పెరిగాడు. 2023లో పోయాడు. ఆ రోజు టీవీలో రెండు నిమిషాలు కూడా చూపించలేదని నాకు ఇంకా కడుపుమంట. సరే, అది వేరే సంగతి.

నా బాధల్లా, ఇప్పుడు గ్యాలరీ లేదు. ఇంట్లో సోఫా మీద అమ్మ, కొడుకు. ఆ సైకిల్ షాపాయన పని టీవీలో మాట్లాడేవాడు చెయ్యాలి. తొడ మీద ఒక్కటి చరిచి ఊరుకోవాలి.

జింఖానా
శనివారం, మధ్యాహ్నం 1:31

బాబాయ్, మన టీమే ఊళ్లో లేదు. 2022 మార్చి 20న గోవాలోని ఫటోర్డాలో హైదరాబాద్ ఎఫ్‌సీ ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) కప్ ఎత్తింది, 2025లో మూటాముల్లె సర్దుకుని ఢిల్లీ వెళ్లిపోయింది. ఇక కామెంటరీ బాగుంటే ఎంత, లేకుంటే ఎంత.

సరూర్‌నగర్_టీచరమ్మ
శనివారం, మధ్యాహ్నం 2:05

జింఖానా గారు గుర్తుచేశారు కాబట్టి చెప్తున్నాను. ఆ ఫైనల్ పెనాల్టీల దాకా వెళ్లింది కదా, గోలీ కట్టిమణి మూడు ఆపాడు. మా ఇంట్లో ఫుట్‌బాల్ ముక్క తెలియనివాళ్లు కూడా నిలబడిపోయారు. పెనాల్టీ షూటౌట్‌కి వివరణ అక్కర్లేదు. ఒకడు తంతాడు, ఒకడు ఆపుతాడు. అసలు మ్యాచ్ అంతా ఎందుకు అర్థం కాలేదో అప్పుడు తెలిసింది నాకు. ఇరవై రెండు మందిలో ఎవరిని చూడాలో తెలియదు. కామెంటేటర్ పనిలో సగం ఎవరిని చూడాలో చెప్పడమేనేమో.

2024 డిసెంబర్ 31న రాష్ట్రాల జట్లు ఆడే సంతోష్ ట్రోఫీ ఫైనల్ గచ్చిబౌలిలో జరిగితే పిల్లల్ని తీసుకెళ్లాను. బెంగాల్, కేరళ. తొంభై నిమిషాలైనా గోల్ లేదు. మా వెనక కూర్చున్న పెద్దాయన "టైమ్ అయిపోయింది కదా, ఇంకా ఎందుకు ఆడుతున్నారు" అని అడిగారు. మా పదేళ్ల బుడ్డోడు వెనక్కి తిరిగి "తాతా, మధ్యలో పడుకున్న టైమంతా ఇప్పుడు ఆడాలి" అన్నాడు. ఆ ఇంజురీ టైమ్‌లోనే బెంగాల్ గోల్ కొట్టింది, 1-0. వాడి వివరణ కన్నా బాగా చెప్పిన కామెంటేటర్ని నేనింకా వినలేదు. తల్లిని కాబట్టి అంటున్నానేమో, అయినా సరే.

తప్పుడు_తొమ్మిది
శనివారం, సాయంత్రం 5:40

"పడుకున్న టైమంతా" సూపర్ మేడమ్. 2022 ప్రపంచ కప్‌లో ఇంగ్లండ్, ఇరాన్ మ్యాచ్ మొదటి సగానికి 14 నిమిషాలు కలిపినప్పుడు మా హాస్టల్లో సగం మంది టీవీ పాడైందనుకున్నారు.

సరే, నేను కొంచెం దిగొస్తాను. పూర్తిగా కాదు.

అదే టోర్నీలో అర్జెంటీనా, సౌదీ మ్యాచ్. మొదటి సగంలో అర్జెంటీనా గోల్స్ మూడు ఆఫ్‌సైడ్‌కి పోయాయి. హాల్లో ఆట తెలియనివాళ్లు "రెఫరీ అమ్ముడుపోయాడు" అన్నారు. నాలాంటివాళ్లు "అబ్బ, దురదృష్టం" అన్నాం. రెండూ తప్పే. సౌదీ డిఫెండర్లు తమ గోల్ వదిలేసి సెంటర్ లైన్ దాకా వచ్చి వరసగా నిలబడ్డారు. వెనక ఖాళీ స్థలం పెట్టి రమ్మని పిలిచారు, వెళ్లినవాడు వెళ్లినట్టే వలలో పడ్డాడు. అది రెఫరీ సంగతీ కాదు, అదృష్టం సంగతీ కాదు, పన్నాగం. రెండో సగంలో రెండు గోల్స్ కొట్టి 2-1తో గెలిచారు కూడా.

ఇప్పుడు చూడండి, "ఆఫ్‌సైడ్ అంటే ఇదీ" అని చెప్తే నాకు విసుగు. "మూడోసారి ఎందుకు పడ్డారో చూడండి, డిఫెన్స్ గీత ఎక్కడుందో చూడండి" అంటే నాకూ పనికొస్తుంది, నాని అన్న వాళ్లమ్మగారికీ పనికొస్తుంది. అలాంటి వివరణకి నేను ఒప్పుకుంటా.

ఒప్పుకోనిది ఇంకోటుంది. కొందరు కొత్తగా "లో బ్లాక్", "హాఫ్ స్పేస్", "ఎక్స్‌జీ 1.8" అని పేల్చేస్తుంటారు. అది వివరణ అనుకుంటున్నారు. నా పేరు చూసి నవ్వకండి, నేను మారాను.

కబడ్డీకూత
శనివారం, సాయంత్రం 6:22

మీ పేరు చూసి నిన్ననే నవ్వాను తమ్ముడూ. 'ఫాల్స్ నైన్'ని (గోల్ దగ్గర ఉండకుండా వెనక్కి దిగి ఆడే స్ట్రైకర్‌ని) అలా తెలుగు చేస్తే ఏ గ్రాఫిక్స్ డెస్కూ ఒప్పుకోదు.

ఇక్కడ మా తప్పు కూడా ఉంది. స్క్రిప్ట్ ఇంగ్లీషులో వస్తుంది, రాత్రికి రాత్రి తెలుగు చెయ్యమంటారు. 'లో బ్లాక్' అంటే ఏం రాయాలి? ఒకసారి "దిగువ అడ్డంకి" అని రాశాను. ఫ్లైఓవర్ బోర్డు చదివినట్టుంది. తర్వాత ఒక సీనియర్ చూసి "గుమ్మంలో అడ్డంగా కూర్చున్నారు అని చెప్పు" అన్నారు. పది మంది వెనక్కొచ్చి గోల్ ముందు కూర్చోవడమే కదా. పల్లెటూళ్లో బామ్మ గుమ్మంలో కూర్చుంటే పిల్లి కూడా లోపలికి పోలేదు. మ్యాచ్‌లో ఆ మాట వాడితే ఆట తెలిసినవాళ్లు కూడా మెచ్చుకున్నారు.

కామెంటేటర్లందరి మీదా తప్పు వెయ్యకండి. తెలుగులో ఫుట్‌బాల్ చెప్పే అవకాశాలే తక్కువ. క్రికెట్ తెలుగు పదాలు రేడియో, టీవీ, వీధి అన్నీ కలిసి నలగ్గొడితే నలిగాయి. ఇక్కడ ఇంకా పచ్చిగా ఉన్నాయి.

వేదిక_నిర్వాహకుడు
శనివారం, సాయంత్రం 6:40

క్రికెట్ గొప్పదా, ఫుట్‌బాల్ గొప్పదా అన్న మూడు పోస్టులు తీసేశాను. ఆ గొడవకి వేరే థ్రెడ్ ఉంది, అక్కడ కొట్టుకోండి.

పాతరేడియో
శనివారం, రాత్రి 8:55

అందరూ కళ్లున్నవాళ్ల గురించే మాట్లాడుతున్నారు. మా నాన్నగారికి గ్లకోమాతో చూపు పోయి ఆరేళ్లయింది. 1986లో మెక్సికో ప్రపంచ కప్‌ని దూరదర్శన్‌లో రాత్రుళ్లు మేలుకుని చూసిన మనిషి. మారడోనా ఇంగ్లండ్ మీద కొట్టిన రెండు గోల్స్ మధ్య నాలుగు నిమిషాలే తేడా అని ఇప్పటికీ చెప్తారు.

ఇప్పుడు టీవీ వింటారు. కామెంటేటర్ "అబ్బబ్బా, అది చూశారా!" అంటాడు. నాన్న నా వైపు తిరిగి "ఏం చూడాలిరా?" అంటారు. తర్వాత ఐదు సెకన్లు జనం హోరు. బొమ్మే మాట్లాడుతుందని వాళ్లు నోరు మూసుకుంటారు. మీలో చాలామందికి అదే ఉత్తమ కామెంటరీ. నాన్నకి అది చీకటి.

దీని గురించి చదువుతుంటే ఒక సంగతి దొరికింది. 1927 జనవరి 22న బీబీసీ రేడియోలో మొదటిసారి ఫుట్‌బాల్ లీగ్ మ్యాచ్ కామెంటరీ వచ్చింది. ఆర్సెనల్, షెఫీల్డ్ యునైటెడ్. వినేవాళ్లకి బంతి ఎక్కడుందో ఎట్లా తెలుస్తుంది? రేడియో టైమ్స్ పత్రికలో మైదానం బొమ్మ వేసి ఎనిమిది గళ్లు చేసి నెంబర్లు ఇచ్చారు. ఒకాయన ఆట చెప్తుంటే రెండో ఆయన మధ్యమధ్యలో బంతి ఉన్న గడి నెంబరు చెప్పేవాడు. వందేళ్ల కిందటే ఇంత ఆలోచించారు!

నేను మిఠాయి డబ్బా అట్ట తీసుకుని దాని మీద ఫెవికాల్‌తో దారం అంటించి ఎనిమిది గళ్లు కట్టాను. గోల్ దగ్గర అగ్గిపుల్లలు. నాన్న ఒళ్లో పెట్టుకుని వేలితో తడుముతుంటారు. నేను పక్కన కూర్చుని "మూడు... ఐదు... ఐదు... ఏడు, ఎడమ పక్క" అంటాను. ఏడు, ఎనిమిది దగ్గరికొచ్చేసరికి ఆయన వేలు వణుకుతుంది. టీవీ వాళ్లు అప్పుడప్పుడు "కుడి వైపు, బాక్స్ అంచున" అన్నా చాలు, నాకు కాస్త గొంతు విశ్రాంతి.

బొల్లారం_ఫుల్‌బ్యాక్
శనివారం, రాత్రి 9:20

పాతరేడియో, నాన్నగారికి నా నమస్కారం చెప్పు. ఆ అట్ట ఫొటో పెట్టగలవా? మా అపార్ట్‌మెంట్‌లో ఒకాయనకి చేసిస్తాను.

తప్పుడు_తొమ్మిది
శనివారం, రాత్రి 9:48

పై పోస్టు చదివాక నా మొదటి పోస్టు కొంచెం సిగ్గుగా ఉంది. తీసెయ్యను, ఉండనీ. కానీ ఒక మాట. అందరికీ ఒకే ఆడియో ఎందుకు? ఫోన్లో భాష మార్చుకున్నట్టు, "కొత్తవాళ్లకి", "మాటలు తక్కువ", "బొమ్మ చూడలేనివాళ్లకి" అని మూడు ట్రాకులు ఇస్తే గొడవే ఉండదు కదా. 2025 డిసెంబర్ 13న మెస్సీ కోసం ఉప్పల్‌కి పోయిన జనంలో ఆఫ్‌సైడ్ తెలిసినవాళ్లు ఎంతమంది ఉంటారు? తెలియకపోయినా వచ్చారు. వాళ్లని ఆట దగ్గర కూడా నిలబెట్టుకోవాలి కదా.

కబడ్డీకూత
శనివారం, రాత్రి 10:05

మూడు ట్రాకులంటే మూడు జట్ల కామెంటేటర్లు, మూడు జీతాలు. మా దగ్గర ఒక ట్రాక్‌కే రెండో మనిషిని పెట్టడానికి బేరాలు జరుగుతాయి. ఆలోచన మాత్రం మంచిదే.

నల్లకుంట_నాని
సోమవారం, ఉదయం 7:10

రిపోర్ట్.

నిన్న రాత్రి టీవీ మ్యూట్‌లో పెట్టి అమ్మకి నేనే కామెంటరీ చెప్పాను. ఈసారి ముందు గోరుచిక్కుళ్లు. మొదటి పది నిమిషాలు మైదానం అంచున ఆడే ఒక్క వింగర్‌ని మాత్రమే చూపించి "వాణ్ని చూస్తూ ఉండు" అన్నాను (టీచరమ్మ గారి సలహా). అవతలి టీమ్ అంతా వెనక్కి పోతే "గుమ్మంలో కూర్చున్నారు" అన్నాను. నవ్వింది. ఇరవై ఆరో నిమిషంలో ఆఫ్‌సైడ్ వచ్చింది. రీప్లే ఆగగానే "తన్నింది ఇప్పుడు" అన్నాను. కళ్లజోడు సర్దుకుని తెర దగ్గరికి వెళ్లి, వేలితో చూపించి "వీడి మోకాలు ముందుంది" అంది. నాకు గోల్ కొట్టినంత ఆనందం.

రెండు నిమిషాలు తిరక్కుండానే లైన్‌మన్ మళ్లీ జెండా ఎత్తాడు. అమ్మ గోరుచిక్కుడు పైకెత్తి "ఆఫ్‌సైడ్!" అని అరిచింది. అది త్రో. ఎవరికి ఇవ్వాలో చెప్పడానికి కూడా అదే జెండా ఎత్తుతారని నేను చెప్పలేదు. పైగా త్రోలో ఆఫ్‌సైడే ఉండదు. అది చెప్పబోయి, కార్నర్‌లోనూ ఉండదు, గోల్ కిక్‌లోనూ ఉండదు, తన సగంలో ఉన్నవాడికీ ఉండదు అని వరసపెట్టేశాను. ఈలోగా గోల్ పడింది. నేను చూడలేదు, అమ్మ చూసింది.

"ఇంక మ్యూట్ తీసెయ్‌రా" అంది. "నీకన్నా వాళ్లే నయం."